జైగఢ్ కోటలో లంకెబిందెలు

లంకెబిందెల మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మన తెలుగునాట ఉంటుందనుకోను. ఏ ఊరు చూసినా ఓ పాడుబడ్డ కోటో, కూలిపోయిన గడీయో, జమీందారుగారి దివాణమో ఉండనే ఉంటుంది. దాని అడుగున ఎక్కడో రెండు బిందెలు, గొలుసుతో ఒకదానికొకటి లంకె వేసి, నిండా బంగారు కాసులతో! పైన నాగుపాము కాపలా. అమావాస్య అర్ధరాత్రి అవి ఘల్లుఘల్లుమంటూ దొర్లుకుంటూ పోతాయట. చెప్పే నోరు మారుతుందే గాని కథ మారదు.

పెరట్లో నవారు మంచం మీద పడుకుని అమ్మమ్మ నోట వింటే ఈ కథ బాగానే ఉంటుంది. మరి ఇదే కథను సాక్షాత్తూ దేశాన్నేలే ప్రభుత్వం నమ్మితే? పలుగులూ పారలూ పట్టుకుని మనుషుల్ని పంపితే?

మన దేశంలో అదీ జరిగింది. 1976లో, రాజస్థాన్‌లోని జైపూర్ దగ్గర. జైగఢ్ అనే కోటలో దాదాపు అయిదు నెలల పాటు నిధి కోసం వెదికారు. ఆ కోట ఒక రాజకుటుంబానిది. ఆ కుటుంబంలోని ఒక స్త్రీ అప్పటికే జైలుకి వెళ్లి వచ్చింది. నిధి కథలో అందరూ బంగారం గురించే మాట్లాడతారు గాని నాకెందుకో ఆవిడ గురించే ఎక్కువ చెప్పాలనిపిస్తుంది.

కాబూల్ నుంచి వచ్చిన ధనం

ముందు కథేమిటో చూద్దాం. జైపూర్ నగరం కట్టక ముందు ఆ రాజుల రాజధాని అంబర్. వాళ్ల భాషలో ఆమేర్. వాళ్లది కఛ్వాహా వంశం. అక్బరు చక్రవర్తి దగ్గర సేనాపతిగా ఉన్న రాజా మాన్‌సింగ్ ఈ వంశం వాడే. 1580లలో ఆయన కాబూల్ ప్రాంతానికి దండయాత్రకు వెళ్లాడు. గెలిచిన నేల చక్రవర్తికి, దొరికిన ధనం సేనాపతికి అని ఒప్పందమట. అలా వచ్చిన ధనాన్ని ఒంటెల మీద, ఏనుగుల మీద తెచ్చి, అంబర్ కోటకు పైన ఉన్న కొండమీద దాచాడని ప్రతీతి. తర్వాత ఆ కొండ మీదే జైగఢ్ కోట వెలిసింది. ఇప్పుడు మనం చూసే రూపంలో దాన్ని కట్టించినది రెండో జైసింగ్ మహారాజు, 1726లో.

నిధికి కాపలా మీణా తెగవాళ్లది. తరతరాలుగా వాళ్లు ప్రాణం పోయినా గుట్టు విప్పరట. గద్దెనెక్కిన ప్రతి రాజునూ జీవితంలో ఒక్కసారి మాత్రం కళ్లకు గంతలు కట్టి లోపలికి తీసుకుపోతారట. తనకు నచ్చిన వస్తువు ఒకే ఒక్కటి తీసుకుని బయటికి వచ్చెయ్యాలి. మళ్లీ అటు తొంగి చూడకూడదు. ఒక రాజు వెలలేని రాళ్లు పొదిగిన పక్షిబొమ్మను ఎంచుకున్నాడని చెప్తారు.

ఎంత బాగుందో చూశారా కథ! మనకి ఏడు వారాల నగలలోంచి ఒక్కటే తీసుకోమంటే ఎంత తికమక పడతామో ఊహించండి.

కోట మీదికి వెళ్తే

ఆ మధ్య చలికాలం సెలవుల్లో మేమూ జైపూర్ వెళ్లాం. అంబర్ కోట దగ్గర కాలు పెట్టడానికి చోటు లేదు. అక్కడి నుంచి పైకి జైగఢ్‌కి వెళ్తే మాత్రం కాస్త ఊపిరాడింది. ఎత్తయిన ఎర్రటి గోడలు, దూరంగా ఆరావళి కొండల మీద పాములా మెలికలు తిరిగిన ప్రాకారం. నిజానికి ఈ కోట బయటివాళ్లు చూడడానికి తెరిచింది 1983లోనే. అందాకా లోపలేముందో జనానికి తెలియదు. తెలియని చోట కథలు పుట్టడం సహజమే కదూ!

గైడు ముందుగా మమ్మల్ని జైవాణ్ ఫిరంగి దగ్గరికి తీసుకువెళ్లాడు. 1720లో ఈ కోటలోనే పోతపోశారు. బరువు సుమారు 50 టన్నులు. చక్రాల మీదున్న ఫిరంగుల్లో ఇంత పెద్దది ప్రపంచంలో మరోటి లేదని గర్వంగా చెప్పాడు. యుద్ధంలో ఒక్కసారైనా పేల్చలేదట, పరీక్షకి మాత్రం ఒకసారి పేల్చి చూశారట.

"మరి నిధి?" అని మా అబ్బాయి అడగనే అడిగాడు. ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు గైడు మొహం వెలిగిపోయింది. మమ్మల్ని నీటి తొట్ల దగ్గరికి నడిపించాడు. "ఇదిగో బాబూ, దీని కిందే" అన్నాడు గొంతు తగ్గించి.

అవి చూస్తే నాకు నిధి మాట కాసేపు గుర్తే రాలేదు. కొండమీద బావి తవ్వితే నీళ్లు పడవు. అందుకని చుట్టుపక్కల కొండల మీద పడే వానచుక్కల్ని కాలవల ద్వారా కిలోమీటర్ల దూరం నుంచి కోటలోకి మళ్లించారు. దారిలో మట్టి, చెత్త తేరుకునేందుకు చిన్న చిన్న గుంటలు ఏర్పాటు చేశారు. మూడు తొట్లలో అన్నిటికన్నా పెద్దది 60 లక్షల గ్యాలన్ల నీళ్లు పడుతుందట. అంటే రెండు కోట్ల లీటర్లు దాటుతుంది! ఏళ్ల తరబడి ముట్టడి జరిగినా కోటలో సైన్యానికీ, స్త్రీలకూ, పిల్లలకూ నీటికి కొదవ లేకుండా చేసిన ఏర్పాటు అది. పంపు దగ్గర బిందెలు పెట్టి తెల్లవారుజామున లేచే ఆడవాళ్లకు దీని విలువ ఒకరు చెప్పక్కర్లేదు. అయితే వచ్చినవాళ్లలో చాలామంది నీళ్ల వంక చూడరు. తొట్టి అడుగున ఏముందనే తొంగి చూస్తారు.

రాణీగారు తీహారుకు

ఇప్పుడు ఆవిడ సంగతి. గాయత్రీదేవి. 1919లో పుట్టింది. బెంగాల్ వైపు కూచ్ బెహార్ రాజకుమార్తె. తల్లి బరోడా ఆడపడుచు. 1940లో జైపూర్ మహారాజు రెండో మాన్‌సింగ్‌కి మూడో భార్యగా వచ్చింది. రాణివాసం అంటే పరదా. అలాంటి ఊళ్లో 1943లో ఆడపిల్లల కోసం బడి తెరిచింది. పెద్దింటి పిల్లల్ని గడప దాటించడానికి ఇళ్లవాళ్లు ఒప్పుకోని రోజులవి. లిలియన్ లట్టర్ అనే ఆవిడ ప్రధానోపాధ్యాయురాలు. మహారాణీ గాయత్రీదేవి బాలికల పాఠశాల జైపూర్‌లో ఇప్పటికీ నడుస్తోంది.

తర్వాత రాజకీయాల్లోకి వచ్చింది. రాజాజీ స్థాపించిన స్వతంత్ర పార్టీలో చేరింది. మన ఆచార్య ఎన్.జి. రంగాగారు అధ్యక్షుడిగా ఉన్న పార్టీయే అది. 1962లో జైపూర్ నుంచి లోక్‌సభకి నిలబడి 1,92,909 ఓట్లు సాధించి, భారీ ఆధిక్యంతో గెలిచింది. అప్పటికి అది రికార్డు. 1967లో, 1971లో కూడా గెలిచింది. ఇందిరాగాంధీ, ఆవిడా ఇద్దరూ చిన్నప్పుడు శాంతినికేతన్‌లో చదివినవారే. పార్లమెంటులో మాత్రం ఎదురుబొదురు.

1970లో భర్త ఇంగ్లండులో పోలో ఆడుతూ పోయారు. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. 1975 ఫిబ్రవరిలో ఆదాయపన్ను అధికారులు జైపూర్ రాజకుటుంబం ఇళ్లనన్నిటినీ సోదా చేశారు. ఆవిడ నివాసమైన మోతీ డూంగ్రీలో బంగారం బయటపడింది. ఆ రోజుల్లో బంగారం మీద ఎన్ని ఆంక్షలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం 1990లో గాని రద్దు కాలేదు. ఆ బంగారం మీద కేసులు ఏళ్ల తరబడి నడిచాయి.

1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి వచ్చింది. జూలై నెలాఖరున గాయత్రీదేవినీ, సవతి కొడుకు భవానీసింగ్‌నూ అరెస్టు చేశారు. భవానీసింగ్ అంటే అప్పటికి జైపూర్ గద్దెకి వారసుడు, 1971 యుద్ధంలో మహావీరచక్ర అందుకున్న సైనికాధికారి. విదేశీ మారకద్రవ్యానికి, స్మగ్లింగుకి సంబంధించిన కాఫెపోసా చట్టం కింద, విచారణ అన్నది లేకుండా తీహారు జైలుకు పంపారు.

ఒక్కసారి ఊహించుకోండి. ప్రపంచంలోని అందగత్తెలలో ఒకరని పత్రికలు పొగిడిన మనిషి. వయసు యాభై ఆరు. భర్త పోయి అయిదేళ్లు. ఇరుకు గది, దుర్వాసన, దోమలు, పక్క వార్డుల్లోంచి అరుపులు. కొన్నాళ్లకి గ్వాలియర్ రాజమాత విజయరాజే సింధియానూ అక్కడికే తెచ్చారు. ఆడ ఖైదీలతో పాటు వాళ్ల పిల్లలూ జైల్లోనే పెరుగుతుంటే చూసి గాయత్రీదేవి పలకలు, పుస్తకాలు తెప్పించి వాళ్లకి చదువు ఏర్పాటు చేసింది. జైపూర్‌లో చేసిన పనినే అక్కడా చేసిందన్నమాట! అయిదున్నర నెలల తర్వాత, ఆరోగ్యం పాడై, 1976 జనవరిలో పెరోలు మీద బయటికి వచ్చింది.

తవ్వగా తవ్వగా

ఆ జూన్‌లోనే జైగఢ్‌లో వెదకడం మొదలయింది. ఆదాయపన్ను వాళ్లు, పోలీసులు, సైన్యంలోని ఇంజనీర్లు. లోహాన్ని కనిపెట్టే యంత్రాలు. గోడలు తట్టారు, నేల తవ్వారు, నీటి తొట్ల అడుగులు చూశారు. నవంబరు దాకా సాగింది. కోట గేట్లు మూసి ఉన్నాయి. పత్రికల మీద సెన్సారు. ఇంకేముంది, పుకార్లకి రెక్కలొచ్చాయి. ఢిల్లీ - జైపూర్ రోడ్డు ఒకరోజంతా మూసేశారనీ, సైన్యం లారీల్లో బంగారం తరలించారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. మా గైడు కూడా లారీల సంఖ్యతో సహా చెప్పాడు!

ఈ పుకారు దేశం సరిహద్దు కూడా దాటింది. పాకిస్తాన్ ప్రధాని జుల్ఫికర్ అలీ భుట్టో 1976 ఆగస్టులో ఇందిరాగాంధీకి ఉత్తరం రాశాడు. ఆ నిధి దేశ విభజనకు ముందునాటి ఆస్తి కాబట్టి అందులో తమ దేశానికీ వాటా రావాలని! వాటాల పేచీ మన ఇళ్లలోనే అనుకుంటాం గాని దేశాల మధ్య కూడా వస్తుంది. ఆవిడ డిసెంబరు ఆఖరున జవాబు ఇచ్చింది. చట్టప్రకారం మీకు ఏ హక్కూ లేదు, అసలు నిధి అనేదే దొరకలేదు అని దాని సారాంశం.

అంతే. అయిదు నెలల శ్రమకి, అంత ఖర్చుకి, ప్రభుత్వం చెప్పిన ఫలితం ఆ ఒక్క వాక్యం.

మరి ఆ ధనమంతా ఏమైనట్టు? చరిత్ర చదివినవాళ్లు చాలామంది చెప్పే జవాబు చాలా మామూలుగా ఉంటుంది. ఖర్చయిపోయింది! రెండో జైసింగ్ 1727లో కొత్త నగరానికి పునాది వేశాడు. విద్యాధర్ భట్టాచార్య అనే బెంగాలీ పండితుడు ప్లాను గీశాడు. గీత గీసినట్టు వీధులు, చౌరస్తాలు, వరసగా ఒకే తీరు దుకాణాలు. నక్షత్రాలు చూడడానికి జంతర్ మంతర్. ఇవన్నీ గాల్లోంచి రావు కదా! మనం జైపూర్ బజార్లో లక్కగాజులు బేరమాడుతూ నిలబడ్డ చోటే ఆ నిధి ఉందేమో మరి. ఇంట్లో కూడా అంతే, బీరువాలో దాచిన డబ్బు పై అంతస్తుగా మారాక బీరువా వెదికితే ఏం లాభం?

గాజుముక్కలు, కుండపెంకులు

జైగఢ్‌తో ప్రభుత్వాలకి బుద్ధి వచ్చిందా అంటే, రాలేదు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా డౌండియా ఖేడాలో మళ్లీ ఇదే తంతు. 1857 తిరుగుబాటులో పాల్గొని ఉరికంబమెక్కిన రాజా రావ్ రామ్ బక్ష్ సింగ్ కోట అది. శోభన్ సర్కార్ అనే సాధువుకి రాజు కలలో కనిపించి, కోట కింద వెయ్యి టన్నుల బంగారం ఉందన్నాడట. పురావస్తు శాఖ తవ్వింది. టీవీ వాళ్లు గుడారాలు వేశారు. మిఠాయి బండ్లు వెలిశాయి. చివరికి దొరికినవేమిటో తెలుసా? కుండపెంకులు, గాజుముక్కలు, మట్టితో అలికిన నేల, పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుకునే పెంకులు.

ఆ వార్త చదివి అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎప్పటిదో ఒక తల్లి అలికిన నేల, ఎవరి చేతినో పగిలిన గాజు, ఏ ఆడపిల్లో గళ్లు గీసుకుని గెంతిన బిళ్ల... కోటలో రాజు ఉన్నాడని అందరికీ తెలుసు. ఈ ఆడవాళ్లు కూడా ఉన్నారని ఆ తవ్వకం చెప్పింది. కాని అందరూ వెయ్యి టన్నుల కోసం చూస్తున్నారు కాబట్టి దాన్నెవరూ లెక్కలో వేసుకోలేదు.

మన దగ్గరా తక్కువేం కాదు. కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో అధికారుల సమక్షంలోనే నిధి కోసం తవ్వకాలు జరిగాయి. వారాల తరబడి రోజూ పేపర్లలో అదే వార్త. బంగారం మాత్రం రాలేదు.

"మరి తిరువనంతపురం పద్మనాభస్వామి గుళ్లో దొరకలేదా?" అని మీరడగొచ్చు. దొరికింది, కాదనను. 2011లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో నేలమాళిగలు తెరిస్తే దేశమంతా నోరు తెరిచింది. ఒక గది ఇప్పటికీ తెరవలేదు. ఆ గుడి తిరువాన్కూరు రాజకుటుంబం సంరక్షణలోది. నిర్వహణలో వాళ్ల హక్కుని 2020 జూలైలో సుప్రీంకోర్టు ఒప్పుకుంది కూడా. అయితే ఇక్కడో తేడా ఉంది. అక్కడి సంపద ఎవరి కలలోనూ కనపడినది కాదు. తరాలుగా దేవుడికి సమర్పించినవి. గుడికి తాళపత్రాల్లో రాతకోతలున్నాయి. ఏ గది ఎక్కడుందో తెలుసు. తాళాలు ఎవరి దగ్గర ఉండాలో తెలుసు. లెక్క ఉన్నచోట ధనం కనబడింది. కథ ఒక్కటే ఉన్నచోట గుంటలు మిగిలాయి.

ఇంటింటా ఓ చిన్న జైగఢ్

ఈ కోటల గొడవ మనకెందుకంటారా? మా పెద్దమ్మ సంగతి చెప్తాను, వినండి.

పెద్దమ్మది గోదావరి వైపు ఒక పల్లెటూరు. మండువా లోగిలి, ధాన్యం గాదెలు, వెనక పశువుల కొట్టం. వాళ్ల అత్తగారిని మేమంతా మామ్మగారు అనేవాళ్లం. ఒకప్పుడు ఆవిడ ఒంటి నిండా బంగారమేనట. కాసులపేరు, వడ్డాణం, వంకీలు, నాగరం. నేను ఎరిగేనాటికి మాత్రం మెళ్లో నల్లపూసలు, చేతికి రెండు గాజులు. మిగతాదేమయిందని ఎవరడిగినా "ఉందిలేవే, ఎక్కడికి పోతుంది" అనేది. ఆ ఒక్క మాట చాలదూ! గాదె కింద పాతిపెట్టిందని ఒకరు, దేవుడి గదిలో నేలమాళిగ ఉందని ఒకరు.

ఎనిమిదేళ్లు మంచాన ఉండి మామ్మగారు పోయింది. ఆ ఎనిమిదేళ్లూ చాకిరీ పెద్దమ్మదే. పెద్దకర్మ అయిన నాలుగో రోజునే కొడుకులు గాదె జరిపి తవ్వారు. దేవుడి గదిలో తవ్వారు. ఏమీ లేదు. ఇక అందరి చూపులూ పెద్దమ్మ మీద పడ్డాయి. ఎప్పుడూ దగ్గరున్నది తనే కదా! మొహం మీద ఎవరూ అనలేదు. తోడికోడళ్లు నోములకి పిలవడం మానేశారు. ఆడపడుచులు పుట్టింటికి రావడం మానేశారు. పెద్దమ్మ కూతురి పెళ్లికి పెట్టిన చంద్రహారాన్ని వచ్చినవాళ్లంతా తిప్పి తిప్పి చూశారు. పెదనాన్న రాత్రింబవళ్లు కూడబెట్టి చేయించిన హారమది!

ఆమధ్య ఇల్లు పడగొట్టేటప్పుడు అటక మీద రేకుపెట్టెలో ఒక చిట్టాపుస్తకం దొరికింది. మామ్మగారి దస్తూరీ. రెండో తరగతి చదువు, కొక్కిరాళ్ల అక్షరాలు. ఏ వస్తువు, ఎన్ని కాసుల ఎత్తు, ఏ ఏడు, ఎందుకు ఇచ్చిందో పూసగుచ్చినట్టు రాసుకుంది. కాసులపేరు పెద్దాడపడుచు కట్నానికి. వంకీలు తుఫాను ఏడు పంట పోతే శిస్తుకి. వడ్డాణం, నాగరం చిన్నకొడుకు పట్నంలో డాక్టరీ చదువుకి.

అందరికన్నా ఎక్కువగా పెద్దమ్మని అనుమానించింది ఆ చిన్నకొడుకే.

"వెళ్లి మొహాన కొట్టు పెద్దమ్మా ఆ పుస్తకం" అన్నాను నేను, వినగానే ఉక్రోషం ఆపుకోలేక.

పెద్దమ్మ పుస్తకం మూసి చీర చెంగుతో దుమ్ము తుడిచింది. "ఇప్పుడెందుకులేవే అమ్మాయ్. ఆయనకీ డెబ్భై దాటాయి. నిద్ర పట్టదు పాపం" అంది. కాసేపాగి, "ఆవిడ ఈ పుస్తకం సంగతి నాతో ఒక్క మాట చెప్పి పోతే ఎంత బాగుండేదే" అంది.

ఆ మాట నా మనసులో ఇంకా ములుకులా ఉంది. మామ్మగారు బంగారాన్ని దాచలేదు, బిడ్డలకోసం ఇచ్చేసింది. దాచింది ఆ సంగతినే. ఆ దాచిన దానికి కోడలు ఇరవయ్యేళ్లు శిక్ష అనుభవించింది. తీహారు జైలు కాకపోవచ్చు, కాని శిక్ష శిక్షే కదా!

కథ ఖరీదు ఎవరు కడుతున్నారు?

పేపర్లో జిల్లా పేజీలు చూడండి. గుప్తనిధుల కోసం గుళ్లో నంది విగ్రహం పెకలించారనో, క్షుద్రపూజలు చేస్తుంటే పట్టుకున్నారనో వార్త తరచూ కనబడుతూనే ఉంటుంది. మీ ఇంటి కింద నిధి ఉంది, పూజ చేయాలి అంటాడు ఎవడో ఒకడు. పూజకి లక్షలు. ఆ లక్షలకి ముందుగా తాకట్టుకి వెళ్లేది భార్య మెళ్లో గొలుసు. లేని బంగారం కోసం ఉన్న బంగారం పోవడమన్నమాట! బలి మాట కూడా వచ్చిందంటే సంగతి ప్రాణాల మీదికే వస్తుంది. ఇంట్లో మగవాళ్లు గుట్టుగా ఇలాంటి పనికి దిగుతున్నారని తెలిస్తే పరువు పోతుందని ఊరుకోకండి. పోలీసులకి చెప్పడంలో తప్పు లేదు.

నిజంగానే నేలలో ఏదన్నా దొరికిందనుకోండి, దానికీ చట్టం ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం. పది రూపాయల పైన విలువ చేసే నిధి ఏది దొరికినా కలెక్టరుకి తెలియజేయాలి. దాచిపెడితే వాటా పోవడమే కాదు, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. బావి తవ్వేటప్పుడు దొరికిన కుండని రాత్రికి రాత్రి కంసాలి దగ్గర కరిగించే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. పైగా కరిగితే బంగారం మిగులుతుందేమో గాని అందులోని చరిత్ర మిగలదు.

ఇక మన బీరువాలో నిధి సంగతి. సోదాలు జరిగినప్పుడు కూడా పెళ్లయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్లి కాని ఆడపిల్లకి 250 గ్రాములు, మగవాళ్లకి 100 గ్రాముల నగల వరకు స్వాధీనం చేసుకోనక్కర్లేదని ఆదాయపన్ను శాఖ 1994లో తన అధికారులకి చెప్పింది. అంతకు మించి ఉంటే ఎలా వచ్చిందో చూపించగలిగి ఉండాలి. కాబట్టి రసీదులు పారేయకండి. హిందూ వారసత్వ చట్టం 1956లోనే స్త్రీ ఆస్తి మీద ఆమెకే పూర్తి హక్కు ఇచ్చింది. పుట్టింటివారు పెట్టినది, అత్తవారు పెట్టినది, తను కొనుక్కున్నది ఎవరికివ్వాలో రాసుకునే హక్కూ ఆమెదే.

ఇదేం పెద్ద పని కాదు. ఒక నోటుపుస్తకం చాలు. ఏ నగ, ఎంత బరువు, ఎవరు పెట్టారు, ఇప్పుడెక్కడుంది. బ్యాంకు లాకరా, తాకట్టా, అమ్మేశామా. అమ్మితే ఎందుకు అమ్మాం. ఏడాదికోసారి, దసరాకో సంక్రాంతికో, నగలు తీసినప్పుడు సరిచూసుకోవాలి. ఆ పుస్తకం ఒకటుందని నమ్మకమైన ఇద్దరికైనా చెప్పాలి. ఒక్కరికే చెప్తే మళ్లీ ఆ ఒక్కరి మీదే నింద పడుతుంది. కొడుకుతో పాటు కూతురికీ చెప్పాలి, కోడలికీ తెలియాలి. "నేను పోతే" అని మొదలుపెట్టగానే "అవేం మాటలమ్మా!" అని పిల్లలు నోరు మూయిస్తారు. మూయనివ్వకండి.

గాయత్రీదేవి 2009లో కన్నుమూసింది. తర్వాత ఆస్తి గురించి వారసుల మధ్య కోర్టు వ్యవహారాలు నడిచాయి. జైగఢ్ మాత్రం ఆ కొండమీద అలాగే ఉంది. ఎప్పుడైనా జైపూర్ వెళ్తే తప్పకుండా పైకెక్కి చూడండి. గైడు గొంతు తగ్గించి నిధి కథ చెప్తాడు. సరదాగా వినండి. విన్నాక, ఆ కాలవలూ తొట్లూ ఒకసారి తీరిగ్గా చూడండి. వానచుక్క ఎక్కడ పడింది, ఏ దారిన వచ్చింది, ఎక్కడ చేరింది అన్నీ అక్కడ కళ్లకి కనబడతాయి. మన నగల పుస్తకం కూడా అలా ఉంటే చాలు.

అన్నట్టు, నేను మా ఇంట్లో పుస్తకం మొదలుపెట్టాను. మొదటి పేజీలో పడిన వస్తువు మా అమ్మ పెట్టిన ముత్యాల దుద్దులు. రెండోది రాసేలోపు మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని, "ఇది ఎవరు పెట్టారమ్మా? అదెప్పటిది?" అని అడుగుతుంటే రాత్రి పదకొండయింది. ఇంకా నాలుగు వస్తువులే అయ్యాయి!